నవంబరు పంతొమ్మిది

కుందుర్పికి అయిదు మైళ్ళ దూరంలో ఉన్న ఆ పల్లెకు నేను టీచరుగా వెళ్ళింది 1980లో. ఏడో తరగతి వరకు ఉన్న బడి. నాకదే మొదటి ఉద్యోగం. మాది ధర్మవరం. మా ఇంట్లో మగ్గం చప్పుడు తప్ప మరో చప్పుడు ఎరగకుండా పెరిగినదాన్ని. మొదటి వారమంతా ఆ పల్లె నిశ్శబ్దానికి నాకు చెవుల్లో ఏదో అడ్డుపడ్డట్టు ఉండేది.

మా హెడ్మాస్టరుది కృష్ణా జిల్లా. ఉద్యోగం కోసం ఇరవై ఏళ్ళ కిందట ఈ జిల్లాకు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇన్నేళ్ళున్నా ఆయన మాట మాత్రం మారలేదు. 'వచ్చాడు, వెళ్ళాడు' అనే ఆయన మాటను పిల్లలు చాటుగా అనుకరించి నవ్వుకునేవాళ్ళు. ఆయనకు తెలుసు. 

బడి వరండాలో ఒక చిన్న నల్లబల్ల ఉండేది. చరిత్రలో ఆ తేదీన ఏం జరిగిందో రోజూ ప్రార్థనకు ముందు దాని మీద రెండు మూడు వాక్యాలు రాయాలి. దానికోసం హెడ్మాస్టరు దగ్గర ఒక లావుపాటి నోటుబుక్కు ఉంది. తేదీకొక పేజీ. ఫిబ్రవరి ఇరవై తొమ్మిదికి కూడా ఒకటి. పాత పత్రికల్లోంచి, లైబ్రరీ పుస్తకాల్లోంచి, రేడియోలో విన్నవాటిలోంచి ఆయన పదిహేనేళ్ళుగా అందులో రాసుకుంటూ వచ్చారు. బొంబాయి నుంచి ఠాణాకు మన దేశంలో మొదటి రైలు నడిచిన రోజు, మంచుకొండకు కొట్టుకుని పెద్ద ఓడ మునిగిన రోజు, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజు. నేను చేరిన నెలకే ఆ పుస్తకం నా చేతికిచ్చి, "ఇకమీదట మీరు రాయండమ్మా. నా చేతిరాత పిల్లలకు విసుగొచ్చింది" అన్నారు.

ఏడో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. సన్నగా, పొడుగ్గా, గంటలాంటి గొంతుతో. బల్ల మీద నేను రాయడం పూర్తికాకముందే వెనక నిలబడి పెద్దగా చదివేది. చిన్న తరగతుల పిల్లలు ఆ పిల్ల చదివితే విని పోయేవాళ్ళు. ఒకరోజు నన్నడిగింది.

"మేడం, అన్నీ బొంబాయిలో, ఢిల్లీలో, సముద్రంలోనే అయినాయి. మన ఊర్లో ఏ దినమూ ఏమీ కాలేదా?"

అటుగా వెళ్తున్న హెడ్మాస్టరు ఆగి, "అయ్యే ఉంటుందమ్మా. ఎవరూ రాసిపెట్టి ఉండరు" అన్నారు.

1981 నవంబరు పంతొమ్మిదిన ఎప్పట్లాగే పుస్తకం తెరిచాను. ముందటేడు ఆ రోజు నేను సెలవులో ఉండటంతో ఆ పేజీ చూడలేదు. ఆ పేజీలో మూడు సంగతులున్నాయి. తెల్లవాళ్ళతో కత్తిపట్టి పోరాడిన ఒక రాణి పుట్టిన రోజు. అప్పటి మన ప్రధానమంత్రి పుట్టిన రోజు. మూడోది, 1969లో మనుషులు రెండోసారి చంద్రుడి మీద దిగిన రోజు. చదవగానే నాకు ఆశ్చర్యమేసింది. దివిసీమ ఉప్పెన వచ్చింది ఆ తేదీనే కదా. అప్పటికింకా నాలుగేళ్ళే అయింది. అప్పుడు నేను అనంతపురంలో చదువుకుంటున్నాను. ఇల్లిల్లూ తిరిగి బట్టలు, బియ్యం పోగుచేసి లారీకి ఎక్కించినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. అన్నీ ఇంత శ్రద్ధగా రాసిన మనిషి ఇదెలా మరిచిపోయారో అనుకున్నాను. చంద్రుడి సంగతి వదిలేసి, ఆ చోట్లో పెద్ద అక్షరాలతో రాశాను: "1977: దివిసీమలో ఉప్పెన. వేలమంది చనిపోయారు."

ఆ అమ్మాయి గట్టిగా చదివింది. అప్పుడే సైకిలు దిగుతున్న హెడ్మాస్టరు విన్నారు. వచ్చి బల్ల ముందు నిలబడి చదివి, తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. ఆ రోజు ప్రార్థనకు రాలేదు.

తోటి టీచరు నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, "ఏమ్మా, నీకు తెలీదా? సారుది దివి తాలూకానే. వాళ్ళ అక్క కుటుంబం ఆ ఉప్పెనలోనే పోయింది" అన్నాడు.

 చెరిపేద్దామని డస్టరు తీసుకున్నాను. చెరిపితే ఇంకా బాగుండదేమోనని పెట్టేశాను. మధ్యాహ్నం గంట కొట్టాక ఆయన గదికి వెళ్ళి, "సార్, నాకు తెలియదు. క్షమించండి" అన్నాను.

"మీరు రాసింది నిజమే కదమ్మా. ఉండనివ్వండి" అని, చేతిలోని హాజరుపట్టీ వైపు చూపు తిప్పుకున్నారు. 

సంక్రాంతి సెలవులయ్యాక గురుకుల పాఠశాలలో ఎనిమిదో తరగతి ప్రవేశానికి ప్రకటన వచ్చింది. మా పల్లెలో ఏడు దాటితే బడి లేదు. రోజూ కుందుర్పి దాకా నడిపించి ఆడపిల్లను చదివించేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. మా బడి నుంచి ఆ పరీక్ష రాసి నెగ్గగలిగేది ఆ పిల్ల ఒక్కతే అని నాకూ, హెడ్మాస్టరుకూ అనుమానం లేదు. వాళ్ళ నాయనను పిలిపించి మాట్లాడాం. మెట్టచేను చేసుకునే మనిషి. తలపాగా తీసి చేతిలో పట్టుకుని, "సీటొస్తే పంపిస్తా సార్. రాకుంటే నన్నేమీ అనగాకండి" అన్నాడు.

దరఖాస్తు నింపడానికి కూర్చున్నాక తెలిసింది చిక్కు. బడి రిజిస్టరులో ఆ పిల్ల పుట్టిన తేదీ 1968 జూలై ఒకటి అని ఉంది. ప్రకటనలో పెట్టిన వయసు హద్దుకు అది నాలుగైదు నెలలు ఎక్కువ. పిల్లను చూస్తే అంత వయసున్నట్టు లేదు. అనుమానమొచ్చి రిజిస్టరు మొత్తం తిరగేశాను. ఆ తరగతిలో ముప్పాతికమంది జూలై ఒకటినే పుట్టారు. వాళ్ళ అన్నలూ అక్కలూ కూడా అదే రోజు పుట్టారు.

హెడ్మాస్టరును అడిగితే ఆయన చెప్పారు. "నాకు ముందు పనిచేసినవాళ్ళు రాసింది. పిల్లల్ని చేర్చేది జూన్, జూలైల్లోనే కదా. 'ఎన్నేళ్ళప్పా' అని అడిగితే 'అయిదో ఆరో సార్' అంటాడు తండ్రి. ఆ ఏడాది వెనక్కి లెక్కపెట్టి జూలై ఒకటి అని రాసేవాళ్ళు."

మరుసటి రోజు తరగతిలో ఈ సంగతి చెప్పాను. పిల్లలు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. వెనక బెంచీ నుంచి ఒకడు అడిగాడు.

"మేడం, మీరెప్పుడు పుట్టినారు?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "జూలై ఒకటి" అన్నాను.

తరగతి గొల్లుమంది. "మీరూ మా మాదిరే మేడం" అన్నాడు వాడు. నిజమే. నేను పుట్టినప్పుడు మగ్గం మీద తామరపువ్వు రంగు చీర ఉండిందని మా అమ్మ చెబుతుంది. నెల ఏదంటే మాత్రం చెప్పలేదు. నా సర్టిఫికెట్ల మీద ఉన్నది ఎవరో ఒక మాస్టరు నాకిచ్చిన తేదీ.

ఆ సాయంత్రమే ఆ అమ్మాయి వెంట వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ నా కోసం చాప పరిచి, తాను గడప పక్కన కూర్చుంది.

"నీ కూతురు ఎప్పుడు పుట్టిందో గుర్తుందామ్మా?" అన్నాను.

"తేదీలు నాకేం తెలుసు టీచరమ్మా. చంద్రుని మీదకి మనుసులు పోయినారని రేడియోలో చెప్పినారు సూడు, ఆ దినమే."

నాకు ప్రాణం లేచొచ్చింది. చంద్రుడి మీద మనిషి దిగిన రోజు తెలియనిదెవరికి? 1969 జూలై. మన లెక్కకు ఇరవై ఒకటో తేదీ ఉదయం. నోటుబుక్కులో ఆ పేజీ నేను రెండేళ్ళుగా రాస్తున్నదే. అలాగైతే పిల్ల వయసు ఏడాది తగ్గుతుంది, హద్దులోకి వస్తుంది. ఇక కావలసింది కాగితం. పల్లెల్లో జననాలూ మరణాలూ రాసేది గ్రామ మునసబు. ఆయన దగ్గరకు వెళ్తే, "పాత రిజిస్టర్లు నా కాడ యాడుండాయమ్మా? తాలూకాఫీసుకు పంపించినా. ఆడ అడుగు" అన్నాడు.

ఒకరోజు సెలవు పెట్టి బస్సులో తాలూకా ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి గుమాస్తా మంచివాడు. నా మాట ఓపిగ్గా విని, లోపలి గదిలోంచి గుడ్డ చుట్టిన కట్ట ఒకటి తెచ్చి దుమ్ము దులిపి విప్పాడు. జూలై చూశాడు, ఆగస్టు చూశాడు. ఆలస్యంగా రాసి ఉంటారేమోనని సెప్టెంబరు కూడా చూశాడు.

"మీ పల్లెలో ఆ మూడు నెల్లలో ఇద్దరే పుట్టినారమ్మా. ఇద్దరూ మగపిల్లోల్లే" అన్నాడు. "తేదీ గట్టిగా కనుక్కోని రాండి. అందాజుగా అంటే ఎన్ని కట్టలని తిప్పేది?"

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పుట్టిందని రాయించనే లేదేమో అనుకున్నాను. అలాంటివాళ్ళూ చాలామందే ఉంటారు. దరఖాస్తుకు ఇంకా పన్నెండు రోజుల గడువుంది.

ఆ మాట చెప్పడానికే మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి వాకిట్లో ఉలవలు చెరుగుతోంది. అమ్మాయి పక్కన కూర్చుని రాళ్ళు ఏరుతోంది.

"నీకు బాగా గుర్తుందా అమ్మా? ఆ రోజు నువ్వేం చేస్తున్నావు?" అన్నాను, ఇంకేం అడగాలో తెలియక.

ఆమె చేట ఆపింది.

"ఎందుకు గుర్తుండదు? చేన్లో శెనక్కాయ పీకతాంటిమి. పొద్దు వాలేతలికి నడుము పట్టుకునింది. మా అత్త 'ఇంగ చాల్లే, ఇంటికి పా' అనింది. మేము ఊర్లోకొచ్చేతలికి పంచాయితీ రేడియో కాడ అందురూ గుంపు కూడినారు. చంద్రుని మీద ఇద్దురు తిరగతాండారని చెప్తాండారు. మంత్రసాని గూడ అది ఇనుకుంటా ఆడే నిలబడిపోయినాది. మా అత్త పోయి, 'చంద్రుని మీద ఎవురు తిరిగితే నీకేమే, ఈడ నా కోడలు సస్తాంటే' అని తిట్టి పిల్చకచ్చినాది."

నేను నవ్వాను. అమ్మాయి నవ్వలేదు. చేతిలోని ఉలవలు కింద పెట్టి నా వైపు చూసింది.

"మేడం, జూలైలో కాయ పీకరు."

"అంటే?"

"జూలైలో విత్తనం ఏస్తాం మేడం. కాయ పీకేది దీపావళి అయినంక."

తల్లి నన్ను వింతగా చూసింది. "జూలైలో కాయ యాడిది టీచరమ్మా? వానొస్తే విత్తనం పడుంటాది, రాకుంటే అదీ లేదు."

వేరుశనగ తప్ప మరో పంట ఎరగని జిల్లాలో పుట్టి, అది ఏ నెలలో వేస్తారో ఏ నెలలో పీకుతారో నాకు తెలియదు. మా మగ్గానికి పన్నెండు నెలలూ ఒకటే. సిగ్గేసింది. మరుక్షణం ఇంకో అనుమానం తగిలింది. దీపావళి తర్వాత చంద్రుడి మీద ఎవరు తిరిగినట్టు?

మర్నాడు పొద్దున్నే బడికి పోయి నోటుబుక్కు తెరిచి అక్టోబరు నుంచి పేజీలు తిప్పుకుంటూ వచ్చాను. నవంబరు పంతొమ్మిది దగ్గర నా వేలు ఆగింది. 1969. మనుషులు రెండోసారి చంద్రుడి మీద దిగిన రోజు. మొన్నటి నవంబరులో చోటు చాలక నేను వదిలేసిన వాక్యం.

గుమాస్తాకు మళ్ళీ అదే కట్ట విప్పే పని పెట్టాను. ఈసారి ఎంతోసేపు పట్టలేదు. "ఇదిగో, ఉండాదమ్మా" అని పేజీ నా వైపు తిప్పాడు. మునసబు ముతక చేతిరాతలో తేదీ, తండ్రి పేరు, ఊరు. పేరు ఉండాల్సిన గడిలో 'ఆడశిశువు' అని ఉంది. ఆయన నకలు రాసి, సంతకం చేయించి, ముద్ర వేయించి ఇచ్చేసరికి మూడు గంటలైంది. పొద్దుటి నుంచి నేనేమీ తినలేదన్న సంగతి బస్టాండుకు వచ్చాక గుర్తొచ్చింది.

నకలు చేతికొచ్చిన సంతోషంలో అసలు సంగతి నాకు బస్సు సగం దూరం వచ్చాక గాని తట్టలేదు. ఇది హెడ్మాస్టరు ముందు పెట్టాలి. రిజిస్టరులో తేదీ మార్చడానికి పై ఆఫీసుకు ఉత్తరం ఆయనే రాయాలి. ఏ తేదీ పేజీలో ఉప్పెన గురించి ఆయన ఒక ముక్క రాసుకోలేకపోయారో, ఆ తేదీనే ఆయన చేత రాయించాలి.

మరునాడు కాగితం ఆయన బల్ల మీద పెట్టి నిలబడ్డాను. కళ్ళజోడు పెట్టుకుని చదివారు.

"పంతొమ్మిదా?" అన్నారు.

"అవును సార్."

"కూర్చోండమ్మా."

కూర్చున్నాను. ఆయన కాగితం వైపు చూస్తూనే మాట్లాడారు.

"మా అక్కయ్యా, బావగారూ, ఇద్దరు పిల్లలూ. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కయ్యే. నాకు తెలిసింది రెండు రోజుల తర్వాత. ఆ రోజు ఇక్కడ సన్నగా తుంపర పడింది. మీకు తెలుసుగా, ఈ ఊళ్ళో తుంపరంటే పండగ. పిల్లలందరూ బయటికి పరిగెత్తారు. నేనూ వాళ్ళతో కలిసి వరండాలో నిలబడి సంతోషపడ్డాను. అది అక్కడి గాలివాన తాలూకు తుంపరేనని తర్వాత తెలిసింది. నాకు అదే బాధమ్మా. అక్కడ వాళ్ళు పోతుంటే నేనిక్కడ నవ్వుతూ నిలబడ్డాను."

  ఆయన సొరుగులోంచి తెల్లకాగితం తీసి ఉత్తరం రాయడం మొదలుపెట్టారు. పుట్టిన తేదీ దగ్గరకు వచ్చినప్పుడు కలం ఆగుతుందేమోనని చూశాను. ఆగలేదు. అంకెల్లో రాసి, పక్కన అక్షరాల్లో కూడా రాశారు.

ఆ ఉత్తరాన్ని టపాలో వేస్తే గడువులోగా తేలదని, పిల్ల నాయనను వెంటబెట్టుకుని ఆయనే అనంతపురం వెళ్ళారు. రెండు రోజులు అక్కడే ఉండి అనుమతి చేయించుకొచ్చారు. ఎక్కడ పడుకున్నారో, ఎవరెవరిని కలిశారో నాకు చెప్పలేదు. నాయన మాత్రం మా తోటి టీచరుతో, "ఆ సారు నా కోసరం ఆఫీసు మెట్ల మీద కూసున్యాడప్పా" అన్నాడట.

వేసవిలో పరీక్ష అయింది. జూన్‌లో సీటు వచ్చినట్టు కార్డు వచ్చింది. పిల్లను బస్సు ఎక్కించడానికి సగం ఊరు వచ్చింది. తల్లి ఏడవలేదు గాని, బస్సు కదిలేదాకా ఒకటే మాట నన్ను పదేపదే అడిగింది. "ఆడ సంగటి పెడతారా టీచరమ్మా? అన్నమొకటే అయితే దీనికి కడుపు నిండదు."

ఆ తర్వాత రెండేళ్ళు నాకు ఆదివారాలు లేవు. ఎవరో ఒక తల్లి వచ్చి బడి మెట్ల మీద కూర్చునేది. ఒకామెకు తూర్పున తోకచుక్క కనిపించిన రోజుల్లో కొడుకు పుట్టాడు. ఒకామెకు తూర్పు పాకిస్తాన్ యుద్ధం ముగిసిందని పంచాయితీ రేడియో చెప్పిన నాడు. నోటుబుక్కులో తేదీ పట్టుకుని నేను చీటీ రాసిస్తే, వాళ్ళు తాలూకా ఆఫీసుకు పోయేవాళ్ళు. కొందరివి దొరికాయి, ఎక్కువమందివి దొరకలేదు. తప్పుడు పనికి వచ్చినవాళ్ళు లేకపోలేదు. ఒకాయన తన కూతురికి పెళ్ళి కుదిరిందనీ, వయసు రెండేళ్ళు పెంచి రాయమనీ వచ్చాడు. రాయనన్నాను. "దినాలన్నీ నీ చేతిలోనే ఉన్నట్టు మాట్లాడతాండావే" అని కోప్పడి వెళ్ళిపోయాడు. పెళ్ళి ఎలాగూ జరిగింది.

1982 నవంబరు పంతొమ్మిదిన నేను బడికి వెళ్ళేసరికి బల్ల మీద అప్పటికే రాసి ఉంది. హెడ్మాస్టరు చేతిరాత. నాలుగు సంగతులు, సంవత్సరాల వరసలో. చివరిది ఉప్పెన. ప్రార్థన అయ్యాక ఆయన పిల్లలను కూర్చోమని, సముద్రం ఎలా ఉంటుందో, వాళ్ళ అక్కయ్య ఇల్లు దానికి ఎంత దూరంలో ఉండేదో, ఆమె చేపల పులుసు ఎలా వండేదో చెప్పారు. చెరువు నిండటం కూడా సరిగా చూడని పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. నీళ్ళు ఎక్కువై మనుషులు చచ్చిపోవడమేమిటో వాళ్ళలో చాలామందికి నమ్మకం కుదరలేదు. ఒక చిన్నవాడు అడిగేశాడు కూడా. "అన్ని నీళ్ళు తాగనీకి పనికిరావా సార్?"

"పనికిరావురా. ఉప్పు" అన్నారు ఆయన.

ఆయన 1984లో రిటైరై కళ్యాణదుర్గంలో ఇల్లు తీసుకుని ఉన్నారు. దివికి వెళ్ళి ఉండమని బంధువులు రాశారట గాని వెళ్ళలేదు. నాకు ఆ మరుసటి ఏడాది బదిలీ అయింది.

1988లో అనుకుంటాను, అనంతపురంలో బుక్కరాయసముద్రం పోయే సిటీ బస్సులో నిలబడి ఉంటే ఎవరో లేచి, "మేడం, కూసోండి" అన్నారు. ఆ గంటలాంటి గొంతు పట్టుకుని గుర్తుపట్టాను. డిగ్రీ చదువుతోంది. కెమిస్ట్రీలో ఒక పేపరు తప్పిందట, మళ్ళీ కడుతున్నానని దాచకుండా చెప్పింది. వాళ్ళ నాయన బోరు వేయించి రెండెకరాల్లో మల్బరీ పెట్టాడనీ, పట్టుపురుగులకు ఆకు కోయలేక అమ్మకు చేతులు నొప్పులనీ చెప్పింది.

"ఆ పట్టంతా మీ ధర్మవరానికే పోతాది మేడం" అంది.

చెరువు కట్ట దగ్గర బస్సు ఆగింది. అక్కడ ఒక స్నేహితురాలి ఇంట్లో కలిసి చదువుకుంటున్నారట. పుస్తకాలు గుండెకు ఆనించుకుని దిగి, కిటికీ దగ్గరకొచ్చి, ఈసారి తప్పకుండా పాసవుతానని చెప్పింది. అయింది కూడా. ఆ జూలైలో కార్డు రాసింది.